అసలు, కొసరు: వీధి కొనుగోళ్ల వెనుక విజ్ఞానం

వీధిలో సరుకు కొనేటప్పుడు కన్నే తీర్పరి. పండు మీది నిగనిగ, బండి మీది రేకు తళతళ, అమ్మే మనిషి కట్టుకున్న బట్ట, చుట్టూ ముసిరే ఈగలు, పక్కనే పారే మురుగుకాలువ, వీటన్నిటినీ ఒక్క చూపులో లెక్కగట్టి కొనాలో వద్దో తేల్చుకోవడం అందరికీ అలవాటు. ఈ పరిశీలన వ్యర్థమని చెప్పడానికి వీల్లేదు గానీ, కొనుగోలుదారుకు హాని చేసేవాటిలో అధికభాగం కంటికి ఆననివని, కంటికి వెగటు పుట్టించేవాటిలో కొన్ని నిజానికి అంత ప్రమాదకరమైనవి కావని ఆహార సూక్ష్మజీవశాస్త్రం చెబుతుంది. పొగచూరిన బాణలిలోంచి అప్పుడే దేవిన మిరపకాయ బజ్జీ, అద్దాల పెట్టెలో ముచ్చటగా పేర్చిన పుచ్చకాయ ముక్కల కన్నా కడుపుకు క్షేమమన్న మాట వినడానికి వింతగా ఉన్నా, దానికి గట్టి కారణాలే ఉన్నాయి.

తోపుడు బండి, నెత్తిమీది గంప, వారపు సంతలో పరిచిన గోనెపట్టా, ఇవన్నీ అర్థశాస్త్రజ్ఞులు అనియత రంగం అని పిలిచే వ్యాపారంలోకి వస్తాయి. బిల్లు, దుకాణపు చిరునామా, సరుకు వాపసు తీసుకుంటామన్న హామీ లేని అమ్మకం అని దానికి స్థూలంగా అర్థం చెప్పుకోవచ్చు. అనియతమైనంత మాత్రాన ఇది చట్టవిరుద్ధం కాదు. వీధి వ్యాపారుల జీవనోపాధిని రక్షిస్తూ, వ్యాపారాన్ని క్రమబద్ధం చేస్తూ 2014లో కేంద్రం చేసిన చట్టం వారికి గుర్తింపు పత్రం ఇవ్వాలని, ఏ వీధిలో ఎవరు అమ్ముకోవాలో తేల్చే టౌన్ వెండింగ్ కమిటీల్లో 40 శాతానికి తగ్గకుండా వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలని నిర్దేశించింది. తినుబండారాలు అమ్మేవారు ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ వద్ద నమోదైతే 14 అంకెల సంఖ్య కూడా లభిస్తుంది. అయితే ఆ సంఖ్య అమ్మేది ఎవరో చెబుతుందే తప్ప, ఆ పూట చట్నీలో పోసిన నీరు ఎక్కడిదో చెప్పదు కనుక, పరీక్షించే భారంలో కొంత కొనేవారి మీదే మిగిలిపోతుంది.

ఆహారం ద్వారా వచ్చే జబ్బులకు కారణమయ్యే బాక్టీరియా 5 డిగ్రీల సెల్సియస్‌కు, 60 డిగ్రీలకు నడుమ వృద్ధి చెందుతుంది. అంతకన్నా చల్లగా ఉంటే చాలా నెమ్మదిస్తుంది, అంతకన్నా వేడిగా ఉంటే ఎదగలేదు. తెలుగునాట మార్చి నుంచి జూన్ దాకా నీడపట్టున కూడా ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటుతుందంటే, ఈ పరిధిలో బాక్టీరియాకు అత్యంత అనువైన చోటు బండి మీది గిన్నే అన్నమాట. అనుకూల పరిస్థితుల్లో కొన్ని రకాల కణాలు 20 నిమిషాలకు ఒకసారి రెండుగా చీలుతాయి. ఆ లెక్కన ఒక్క కణం 6 గంటల్లో 18 సార్లు రెట్టింపై 2,62,144 కణాలవుతుంది. ఉదయం 6 గంటలకు వండినది మధ్యాహ్నం 12 గంటలకు తినేవారికి ఆ సంఖ్యతో సహా వడ్డించబడుతుంది. వండిన పదార్థాన్ని రెండు గంటలకు మించి మామూలు వేడిలో ఉంచరాదన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహాకు మూలం ఈ రెట్టింపు లెక్కే.

ఉదయం పూట ఏ ఊరి కూడలిలోనైనా కనిపించే ఇడ్లీ బండి ఈ విషయాన్ని అరటిపండు ఒలిచినట్టు చూపిస్తుంది. పులిసిన పిండిలో ఆమ్లం ఉంటుంది, ఆ పిండి దాదాపు 100 డిగ్రీల ఆవిరిలో ఉడుకుతుంది, మూత తీసిన వెంటనే పళ్లెంలో పడుతుంది. ఆవిరి చిమ్ముతున్న ఇడ్లీ వీధిలో దొరికే అతి సురక్షితమైన పదార్థాల్లో ఒకటి. దాని పక్కన స్టీలు క్యానులో ఉన్న చట్నీ సంగతి వేరు. కొబ్బరిలో, పల్లీలో పోషకాలు పుష్కలం, ఆమ్లం స్వల్పం. రుబ్బేటప్పుడు చేయి తగులుతుంది, పచ్చి నీరు చేరుతుంది, తిరగమోత వేడి పైపైన తగిలి ఊరుకుంటుంది, ఆ తరువాత అది నాలుగు గంటల పాటు గోరువెచ్చగా నిలిచి ఉంటుంది. కుతకుతలాడే సాంబారుకు ఈ దోషం లేదు. అయినా బండి దగ్గర ఇడ్లీ గట్టిదా మెత్తదా అని చూసేవారే గాని, చట్నీ ఎప్పుడు రుబ్బారని అడిగేవారు అరుదు. పళ్లేలు కడిగే బకెట్టును కూడా ఇక్కడే ప్రస్తావించాలి: పదిమంది తిన్న పళ్లెం ముంచి తీసిన నీటిలోనే పదకొండోది కూడా మునుగుతుంది కనుక, పళ్లెం మీద విస్తరాకో అరిటాకో వేసి వడ్డించే బండి ఈ ఒక్క విషయంలో పెద్ద హోటలుతో సమానం.

వేడి చేస్తే చాలు, క్రిములు చస్తాయనే నమ్మకానికి మినహాయింపు సాయంత్రపు ఫాస్ట్‌ఫుడ్ బండి మీద దొరుకుతుంది. ఫ్రైడ్ రైస్ కోసం మధ్యాహ్నమే అన్నం వండి, పలుకుగా ఉండేందుకు ఆరబోసి, గుట్టగా పోసి ఉంచుతారు. బియ్యంలో సహజంగానే ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా గడ్డుకాలంలో సిద్ధబీజాలుగా, అంటే గట్టి పెంకులో నిద్రపోయే కణాలుగా మారుతుంది. అన్నం ఉడికే వేడికి ఆ పెంకు లొంగదు. అన్నం చల్లారాక సిద్ధబీజాలు మేలుకొని, పెరిగి, వాంతులు పుట్టించే విషాన్ని విడుదల చేస్తాయి. ఆ విషం 121 డిగ్రీల వేడిలో గంటన్నర ఉంచినా చెక్కుచెదరదు కనుక, మంటలు లేచే మూకుడులో రెండు నిమిషాలు తిప్పినంత మాత్రాన పోయేది కాదు. చేతి పుండ్ల నుంచి, ముక్కు నుంచి ఆహారంలోకి చేరే స్టాఫిలోకాకస్ విషం తీరూ దాదాపు ఇంతే: క్రిమి చస్తుంది, విషం మిగులుతుంది. ఇదే అన్నంతో చేసిన పులిహోర ప్రయాణాల్లో పూటంతా నిలవడానికి చింతపండులోని ఆమ్లం ఈ క్రిముల ఎదుగుదలకు అడ్డుపడటం ఒక కారణం. తీర్థయాత్రలకు పులిహోర పొట్లం కట్టిన పెద్దలకు సిద్ధబీజాల సంగతి తెలియకపోయినా ఫలితం బాగా తెలుసు.

వండని గుడ్డు కథ ఇటీవలిది. మోమోలు, షవర్మా వంటివాటితో ఇచ్చే మయోనైజ్ పచ్చి గుడ్డు సొనను నూనెతో చిలికి చేసేది. గుడ్డు మీద, ఒక్కోసారి లోపల ఉండే సాల్మొనెల్లా బాక్టీరియాను చంపే వేడి దానికి ఏ దశలోనూ తగలదు. హైదరాబాద్‌లో మోమోలు తిన్న పలువురు అస్వస్థులు కావడం, ఒకరు మరణించడం జరిగాక, 2024 అక్టోబరు 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డు మయోనైజ్ తయారీని, నిల్వను, అమ్మకాన్ని ఏడాది పాటు నిషేధించింది. ఆ నిషేధం బండ్లకే కాక పెద్ద భోజనశాలలకూ వర్తించిందన్నది గుర్తుంచుకోదగినది, ఎందుకంటే దోషం వీధిది కాదు, వంట పద్ధతిది.

నీటి విషయానికి వస్తే పానీపూరీని మించిన ఉదాహరణ లేదు. మున్సిపాలిటీ సరఫరా చేసే నీటిలో కుళాయి చివర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని భారత ప్రమాణాలు చెబుతాయి. దారిలో గొట్టం పగిలి ఏదైనా కలుషితం చేరినా ఆ కాస్త క్లోరిన్ కాపు కాస్తుంది. బండివారు మంచి కుళాయి నీరే పట్టుకొచ్చారనుకున్నా, అందులో పుదీనా ముద్ద, చింతపండు రసం కలిపిన మరుక్షణం ఆ క్లోరిన్ వాటితో రసాయనిక చర్య జరిపి ఖర్చయిపోతుంది. కాపరి వెళ్లిపోయిన ఆ నీటిలోకి పూరీ పూరీకీ చేయి మణికట్టు దాకా దిగుతుంది. పులుపు బాక్టీరియాను మందగింపజేస్తుందన్నది నిజమే గాని, జిగట విరేచనాలు కలిగించే షిగెల్లా వంటి క్రిములకు పెరగవలసిన అవసరమే లేదు. 10 నుంచి 100 కణాలు కడుపులోకి వెళ్లినా జబ్బు చేయగలవు. చేతికి తొడుగు వేసుకోవడం దీనికి విరుగుడని భావించడం పొరపాటు. అదే తొడుగుతో డబ్బు తీసుకుని, బండి తుడిచి, మళ్లీ నీటిలో ముంచితే వట్టి చేతికీ దానికీ తేడా లేదు. పైగా వట్టి చేయి జిడ్డుగా అనిపిస్తే కడుక్కుంటారు, తొడుగును ఎవరూ కడగరు. గరిటెతో నీరు పోసే బండి, డబ్బు ఫోను మీద తీసుకునే బండి ఈ దృష్టితో మేలైనవి.

మంచుగడ్డ గురించి ఉన్న అపోహ ఇంకా గట్టిది. గడ్డకట్టడం వల్ల నీటిలోని బాక్టీరియా నిద్రపోతుందే గాని చావదు, చెరకు రసంలో కరగగానే లేచి కూర్చుంటుంది. చేపల నిల్వకు, రవాణాకు వాడే మంచు తాగే నీటితోనే చేయాలన్న నిర్బంధం లేకపోవడంతో, రెండూ కలిసిపోకుండా తినడానికి పనికిరాని మంచులో కొద్దిగా నీలిరంగు కలపాలని 2018లో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆదేశించింది. తెల్లని మంచంతా తాగునీటిదేనని దీన్నిబట్టి తీర్మానించడం మాత్రం తొందరపాటే. మంచు వేయకుండా పిండిన రసం కాస్త వెచ్చగా ఉన్నా తాగడమే తెలివైన పని. కొబ్బరి బొండాం, తాటి ముంజ ఈ బెడద లేని పానీయం, ఫలం. ప్రకృతి సీలు వేసి పంపిన సరుకు అది, కత్తి దిగేదాకా లోపలికి ఏదీ చేరదు.

కోసిన పండుకూ కోయని పండుకూ ఉన్న అంతరం కూడా ఇక్కడిదే. నేలను అంటి పెరిగే పుచ్చకాయ తొక్క మీద మట్టి, పేడ, సాగునీటి ఆనవాళ్లు ఉంటాయి; కడగకుండా కత్తి దించితే తొక్క మీది బాక్టీరియా కత్తి వెంట గుజ్జులోకి దిగుతుంది. పుచ్చ, బొప్పాయి, ఖర్బూజా గుజ్జులో ఆమ్లం చాలా తక్కువ, తీపి, తేమ ఎక్కువ కనుక అక్కడ క్రిములకు విందే. అనాస, నారింజ, మామిడి వంటి పుల్లని గుజ్జులో అవి అంత వేగంగా పెరగలేవు. కాబట్టి కాయను ఎదుటే కడిగించి, కోయించి, అక్కడే తినడానికీ, పొద్దున కోసి పేర్చిన ముక్కలు కొనడానికీ మధ్య తేడా ధరలో కనిపించదు, బాక్టీరియా సంఖ్యలో కనిపిస్తుంది. పుచ్చకాయలోకి సూదితో ఎర్రరంగు ఎక్కిస్తారన్న ప్రచారం ప్రతి వేసవిలోనూ లేస్తుంది. సూదితో ఎక్కించిన రంగు కాయంతా ఒకే తీరుగా పాకదు, గుచ్చిన చోటు నుంచి కాయ త్వరగా కుళ్లుతుంది, అంత శ్రమపడే వ్యాపారికి అందులో మిగిలేది కూడా ఏమీ ఉండదు.

మామిడిపండు విషయంలో అనుమానానికి ఆధారం ఉంది. మామిడి, అరటి, సపోటా, సీతాఫలం వంటివి చెట్టు నుంచి కోశాక కూడా పండగలవు. ఆ పని నడిపేది కాయ తనలో తానే తయారుచేసుకునే ఎథిలీన్ అనే వాయువు. అది తగలగానే పిండిపదార్థం చక్కెరగా మారుతుంది, కణాల గోడలను అతికి ఉంచే పెక్టిన్ కరిగి కాయ మెత్తబడుతుంది, పచ్చని పత్రహరితం విరిగి అడుగున ఉన్న పసుపు రంగు బయటపడుతుంది. వరిగడ్డిలో కప్పి మాగబెట్టడమంటే ఆ వాయువు చెదిరిపోకుండా పట్టి ఉంచడమే. దీనికి అడ్డదారి కాల్షియం కార్బైడ్. గ్యాస్ వెల్డింగ్‌లో వాడే ఈ బూడిదరంగు గడ్డకు గాలిలోని తేమ తగిలితే ఎసిటిలీన్ వాయువు వెలువడుతుంది. అది ఎథిలీన్‌ను పోలి ఉండటంతో కాయ మోసపోయి రంగు తిరుగుతుంది. పరిశ్రమల కోసం చేసిన కార్బైడ్‌లో ఆర్సెనిక్, భాస్వరం మలినాలుగా ఉంటాయి కనుక, ఆ గడ్డ నుంచి వచ్చే వెల్లుల్లి వంటి వాసన భాస్వరం నుంచి పుట్టే ఫాస్ఫీన్ అనే విషవాయువుది కూడా. కార్బైడ్‌తో పండ్లు మాగబెట్టడాన్ని చట్టం పూర్తిగా నిషేధించింది. 2015లో హైదరాబాద్‌లోని ఉన్నత న్యాయస్థానం పత్రికా కథనం ఆధారంగా ఈ విషయాన్ని తనంత తానే విచారణకు స్వీకరించింది. నియంత్రిత గదుల్లో పదిలక్షల వంతుల గాలికి 100 వంతులకు మించకుండా ఎథిలీన్ వాయువు వాడి మాగబెట్టడానికి మాత్రం 2016 నుంచి అనుమతి ఉంది.

కాయంతా ఒకే పసుపులో ఉంటే కార్బైడ్ పండని చెప్పే చిట్కా బాగా ప్రచారంలో ఉన్నా, ఎథిలీన్ గదిలో సక్రమంగా మాగిన బంగినపల్లి కూడా అలాగే ఉంటుంది కనుక అది నమ్మదగిన గుర్తు కాదు. వాసన కొంత మెరుగైన సాక్షి: లేత కాయను బలవంతాన రంగు తిప్పినప్పుడు తొక్క పండుతుంది గాని పరిమళం పుట్టదు, టెంక దగ్గర పులుపు విరగదు. అన్నిటికన్నా సులువైన మార్గం పండును కాక తయారైన పచ్చికాయను కొని, ఇంట్లో బియ్యం డబ్బాలో నాలుగైదు రోజులు మాగేయడం. భుజాలు నిండి తొడిమ చుట్టూ గుంటపడిన కాయను పక్వానికి వచ్చినదిగా రైతులు గుర్తుపడతారు. ఆ గుర్తు తెలిసిన కొనుగోలుదారుకు రసాయనశాలతో పనిలేదు. పండే కొన్నప్పుడు ధారగా పారే నీటిలో రుద్ది కడిగి, తొక్క తీసి తింటే పైన అంటిన మలినాల్లో చాలావరకు పోతుంది.

రంగుల సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. పీచు మిఠాయికి గులాబీ రంగు కోసం బట్టలకు వేసే రోడమిన్-బి వాడుతున్నట్టు తేలడంతో 2024లో తమిళనాడు, పుదుచ్చేరి, కర్ణాటక ప్రభుత్వాలు చర్యలు తీసుకున్నాయి. పచ్చిమిర్చి, బెండకాయ మీద మాలకైట్ గ్రీన్ అనే అద్దకపు రంగు పూశారని అనుమానం వస్తే, లిక్విడ్ పారఫిన్‌లో తడిపిన దూదితో కాయను రుద్దితే చాలు, దూది పచ్చబడుతుంది. నూనె మాత్రం దూదికి చిక్కదు. పదే పదే కాగిన నూనెలోని కొవ్వు అణువులు వేడికి, నీటి ఆవిరికి, గాలికి విరిగి ధ్రువ పదార్థాలుగా మారతాయి. ఇవి 25 శాతం మించిన నూనెను వాడకూడదన్న నిబంధన 2018 జులై నుంచి అమల్లో ఉంది. కొలిచే పరికరం లేనివారికి బాణలే చెబుతుంది: బజ్జీ వేసినప్పుడు వచ్చే పెద్ద బుడగలు వెంటనే చితికిపోక సన్నని నురగగా అంచులకు చేరి నిలిచిపోతుంటే, మంట మామూలుగా ఉన్నా పొగ లేస్తుంటే, ఆ నూనెకు కాలం చెల్లినట్టు. ఆ బజ్జీని వార్తాపత్రికలో పెట్టి ఇవ్వడం మరో తప్పు. సిరా నూనెలో కరుగుతుంది, అక్షరాలు బజ్జీకి అంటుతాయి.

చేపల గంప దగ్గర మృగశిర కార్తె రోజున బేరాలకు తీరిక ఉండదు గాని, మొప్ప ఎత్తి చూడటానికి క్షణం చాలు. ఎర్రని మొప్ప, ఉబ్బిన కన్ను, వేలితో నొక్కితే తిరిగి లేచే కండ తాజాదనానికి గుర్తులు. శవాలను నిల్వచేసే ఫార్మలిన్ చల్లిన చేప చెడక గట్టిగానే ఉంటుంది కనుక, కండ గట్టిదనం ఒక్కదాన్నే నమ్మరాదు. ఈ రసాయనాన్ని కాగితపు పట్టీతో గుర్తించే కిట్‌ను కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ రూపొందించింది. కానాగంతల వంటి సముద్రపు చేపలు మంచు లేకుండా ఎండలో ఉంటే వాటి కండలో హిస్టమిన్ పోగవుతుంది. ఎంత వండినా అది పోదు, తిన్న కాసేపటికే ముఖం ఎర్రబారి దద్దుర్లు లేస్తాయి.

కడుపుకు కాక జేబుకు సంబంధించినది తూకం. 2009 నాటి తూనికలు, కొలతల చట్టం ప్రకారం తక్కెడకు, పడికట్టు రాళ్లకు రెండేళ్లకొకసారి, ఎలక్ట్రానిక్ కాటాకు ఏడాదికొకసారి అధికారులు పరీక్షించి ముద్ర వేయాలి. ఇనుప రాయిలో ఉండే సీసపు బిళ్ల మీద ఆ ముద్ర కనిపిస్తుంది. బిళ్ల ఊడి గుంట ఖాళీగా ఉంటే రాయి తేలికైనట్టే. ఎలక్ట్రానిక్ కాటాలో సరుకు బరువుకు లోహపు కడ్డీ అతి స్వల్పంగా వంగుతుంది, దానికి అతికించిన సన్నని తీగ సాగి విద్యుత్ నిరోధం మారుతుంది, ఆ మార్పే అంకెగా తెరమీద పడుతుంది. అందుకే సరుకు పెట్టకముందు తెర మీద సున్నా ఉందో లేదో చూడటం మొదటి పని. అనుమానం తీరకపోతే సీలు తీయని లీటరు నీళ్ల సీసాను పెట్టి చూడవచ్చు; లీటరు నీరు దాదాపు కిలో, సీసా బరువు మరికొన్ని గ్రాములు, అంతే చూపాలి.

పాత తక్కెడలో మోసం దండెలో దాగుతుంది. దండె రెండు చేతుల్లో ఒకటి 20 సెంటీమీటర్లు, మరొకటి 22 ఉన్నాయనుకుంటే, పొట్టి వైపు కిలో రాయి వేసినప్పుడు పొడుగు వైపు 909 గ్రాముల టమాటాలకే ముల్లు నిటారుగా నిలుస్తుంది. ఖాళీ తక్కెడ సమంగా నిలిచిందన్నది రుజువు కాదు, తేలిక పళ్లేనికి కాస్త బరువు జతచేసి ఆ లోపాన్ని కప్పిపుచ్చవచ్చు. రాయిని, సరుకును పళ్లేలు మార్చి తూయమని అడగడమే అసలైన పరీక్ష: ఈసారి అదే కిలో రాయికి 1,100 గ్రాములు తూగాలి. రెండు కిలోలు కొనేవారు ఒక కిలో ఈ వైపు, మరో కిలో ఆ వైపు తూయించుకుంటే 2,009 గ్రాములు చేతికి వస్తాయి. చేతుల పొడవులు ఎంత తేడాగా ఉన్నా, ఎటు తేడాగా ఉన్నా ఈ మొత్తం రెండు కిలోలకు తగ్గదు. దొంగ తక్కెడను నడిపేవారికే నష్టం వచ్చే చిత్రమైన గణితమిది.

కొలతలో ఎంతో కొంత తప్పు తప్పదని శాస్త్రజ్ఞులు అంగీకరించి దానికి లెక్క కట్టడానికి చాలా ముందే, వీధి వ్యాపారం ఆ తప్పును కొసరుతో పూడ్చుకుంది. వీశెల కాలం పోయి కిలోలు వచ్చినా, ముల్లు కొంచెం మొగ్గేలా పైన వేసే రెండు వంకాయలు పోలేదు. ఎలక్ట్రానిక్ కాటా గ్రాములతో సహా చూపడం మొదలుపెట్టాక వంకాయలు వెనక్కి వెళ్లాయి, ధర పైసలతో సహా తేలుతోంది. మల్లెపూలు మాత్రం ఇప్పటికీ మూరల లెక్కనే అమ్ముడవుతున్నాయి, ఆ మూర పూలమ్మి మోచేయిదా కొనేవారిదా అన్న తగువు తీరలేదు. కూరల బండి దగ్గర లెక్క అంతా అయ్యాక సంచిలో పడే కరివేపాకు రెబ్బను ఇంతవరకు ఏ కాటా మీదా ఎవరూ తూయలేదు.